గెలిచాక శిక్షణ ఇస్తారు సరే, నిలబడే ముందు చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

నాది కామారెడ్డి జిల్లాలో ఒక చిన్న ఊరు. బీడీలు చుడతాను. పదో తరగతి వరకు చదివాను. 2025 డిసెంబర్ 14న రెండో విడత పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి ఆరో వార్డుకు నిలబడి ఆరు ఓట్ల తేడాతో ఓడిపోయాను. గెలిచినామె మా వీధి కోడలే, పని చేసే మనిషే, ఆమె మీద నాకే కోపమూ లేదు. నేను రాయాలనుకున్నది ఓట్ల ముచ్చటకు ముందరి సంగతి. నాలాంటి మనిషి అభ్యర్థి అని అనిపించుకోవడానికి ఎన్ని గడపలు దాటాలో, ఆ గడపలు ఎక్కడెక్కడున్నాయో ముందుగా చెప్పే దిక్కు ఎలా లేదో మీ పేపర్ ద్వారా నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

పాత పాలకవర్గం గడువు 2024 ఫిబ్రవరి మొదట్లోనే అయిపోయింది. అప్పట్నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారి పాలనే నడిచింది. ఆ సారుకు తన ఉద్యోగం తనకుంది, మా ఊరు పైన పడ్డ పని. మా వీధి చివరి స్తంభం మీద లైటు పోయి నాలుగు నెలలు చీకట్లో ఉన్నాం. మిషన్ భగీరథ నల్లా నీళ్లు మొదటి ఇళ్లకు ధారగా వస్తే మా కొస ఇళ్లకు రెండు బిందెలు నిండేసరికి సన్నబడుతుంది. ఎవరికి చెప్పాలి? వార్డు మెంబర్ లేదు, సర్పంచ్ లేడు. కార్యదర్శి ఒక్కడే, ఆయన చెప్పేది ఒక్కటే మాట: "ఎలక్షన్లు అయినంక చూద్దాం అక్కా." చాట ముందేసుకుని బీడీలు చుట్టుకుంటూ మేం ఐదారుగురం ఆడవాళ్లం రోజూ ఇదే మాట్లాడుకునేవాళ్లం. చివరికి మా పక్కింటి వదిన అన్నది, "నువ్వే నిలవడరాదు. చదువుకున్నవు, సంఘంల లెక్కలు రాస్తున్నవు."

2019లో కూడా ఈ మాట వచ్చింది. అప్పుడు కుదరలేదు, ఎందుకంటే నాకు ముగ్గురు పిల్లలు. 1995 మే 31 తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి పనికిరారన్న నిబంధన ఉండేది. మొదటి ఇద్దరూ ఆడపిల్లలైతే మూడో కాన్పు మా అత్తగారి పట్టుదల మీద జరిగింది. ఆ నిర్ణయం నాది కాదు, దాని శిక్ష మాత్రం నాకు పడింది. మా ఊళ్లో ఇలా ఆగిపోయిన ఆడవాళ్లు నాకు తెలిసి నలుగురున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఆ నిబంధన తీసేశారు, మన దగ్గర ఈ ఎన్నికలకు ముందు ఎత్తేశారు. అందుకు నేను ప్రభుత్వానికి మనసారా కృతజ్ఞురాలిని.

నామినేషన్లకు ఇచ్చింది మూడే రోజులు. ఊరూరా తీసుకోరు, మూడు నాలుగు ఊళ్లకు కలిపి ఒక కేంద్రం పెడతారు. మా కేంద్రం ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంది. మొదటి రోజు పోయి ఏమేం కావాలో అడిగి రాసుకొచ్చాను. నామినేషన్ ఫారం, దాంతో పాటు నా మీద కేసులున్నాయా, ఆస్తులేమిటి, అప్పులేమిటి, ఎంత చదివాను అని చెప్పే ప్రకటన పత్రం, దాని కింద ఇద్దరు సాక్షుల సంతకాలు, కుల ధ్రువీకరణ, ఇంటి పన్ను బాకీ లేదన్న రసీదు, ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా. మా వార్డు బీసీ మహిళకు వచ్చింది కాబట్టి డిపాజిట్ 250 రూపాయలు. రెండో రోజంతా బ్యాంకులోనే గడిచింది. మా మండలం ఆడవాళ్లంతా అక్కడే ఉన్నట్టనిపించింది.

మూడో రోజు ఫారం నింపి ఇవ్వడానికి మళ్లీ పోయాను. లోపల సిబ్బంది ఊపిరాడని పనిలో ఉన్నారు, వాళ్లను తప్పుపట్టను. బయట వేపచెట్టు కింద కుర్చీ, స్టూలు వేసుకుని ఒకాయన ఫారాలు నింపుతున్నాడు. ఫారానికి 500. డిపాజిట్‌కు రెండింతలు! నాకు చదవడం, రాయడం వచ్చు. అయినా ఒక్క అక్షరం తప్పు పోతే కొట్టేస్తారన్న భయంతో ఆయన చేతికే ఇచ్చాను. నన్ను ప్రతిపాదించడానికి మా ఆడబిడ్డను వెంట తీసుకుపోయాను. "ఈమె ఫర్వాలేదా అన్నా?" అని అడిగితే, "మీ ఊరామెనే గదా, ఎవరైతే ఏంది" అన్నాడు. ఆమె పేరు రాసి సంతకం పెట్టించాడు.

లోపల బల్ల మీద సారు ఓటరు జాబితా తెరిచి, వేలు పెట్టి ఒక్కో వరుస కిందికి దిగుతూ చూశాడు. నా పేరు దొరికింది. మా ఆడబిడ్డ పేరు దొరకలేదు. పేజీ తిప్పాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. "అమ్మా, ఈమె ఓటు ఐదో వార్డులో ఉంది. ప్రతిపాదించేవాళ్ల ఓటు మీరు పోటీ చేసే వార్డులోనే ఉండాలె" అన్నాడు. వాళ్ల ఇల్లు మాకు ఎదురిల్లు. మధ్యలో సీసీ రోడ్డు, ఆ రోడ్డే రెండు వార్డుల హద్దని నాకు ఆ క్షణం దాకా తెలియదు. అప్పటికి మూడున్నర దాటింది. ఐదింటికి గేటు వేస్తారు.

మా ఊరి పిల్లగాడొకడి బండి మీద వెనక్కి వచ్చాను. మా పక్కింటి వదిన బీడీ ఆకు నానబెట్టి కత్తిరిస్తున్నది. ఆకు అట్లనే వదిలేసి, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ బండెక్కింది. కొత్త ఫారం నేనే నింపాను, నా చేత్తో, బల్ల పక్కన నిలబడి. అందులో అంత కష్టమేం లేదు. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వార్డు నంబరు, ఓటరు జాబితాలో వరుస సంఖ్య, సంతకం. అంతే. 500 ఇచ్చి చేయించుకున్న పని తప్పింది, నేను పది నిమిషాల్లో చేసిన పని నిలిచింది. ఫారం నమూనా ఒక్కటి వారం ముందు నా చేతికి వచ్చి ఉంటే ఆ చెట్టు కిందికి నేను పోయేదాన్నే కాదు.

నామినేషన్ నిలిచిన తర్వాత ఇంకో రకం ఒత్తిడి మొదలైంది. వార్డును ఏకగ్రీవం చేద్దామని పెద్దమనుషులు కూర్చున్నారు. గుడికి ఇంత ఇస్తారు, నువ్వు విరమించుకో అని. నన్ను పిలవలేదు. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, ఆయనకు వాట్సాప్‌లో ఫోన్ చేశారు, మీ ఇంటామెకు చెప్పు అని. ఆయన వాళ్లకిచ్చిన జవాబు నాకు మర్నాడు తెలిసింది: "నామినేషన్ ఏసింది ఆమె. ఆమెనే అడుగుండ్రి." పన్నెండేళ్లుగా పరాయి దేశంలో ఎండకు పని చేస్తున్న మనిషి ఆ ఒక్క మాటతో నా పక్కన నిలబడ్డాడు. మా ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. ఆడవాళ్లకు సగం సీట్లు చట్టం ఇచ్చింది, ఆ సీటు గురించి అడగాల్సిన మనిషి ఎవరన్నది మా పెద్దమనుషులకు ఇంకా తెలియలేదు. అందరూ ఒప్పుకుని ఒకరిని ఎన్నుకుంటే నాకూ సంతోషమే, గుడి కోసం డబ్బు లెక్కగట్టి మనిషిని పక్కకు తప్పిస్తే దాన్ని ఏకగ్రీవం అనడం నాకు నచ్చదు.

గుర్తుల సంగతి కూడా చాలామందికి తెలియదు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. పోటీలో మిగిలినవాళ్ల పేర్లు తెలుగు అక్షరాల వరుసలో పెట్టి, ఆ వరుసలోనే గుర్తులు ఇస్తారు. మా వార్డులో ముగ్గురం. మొదటామెకు గౌను, రెండో ఆమెకు గ్యాస్ పొయ్యి, నాకు స్టూలు. "స్టూలు ఎందుకు తీసుకున్నవు బిడ్డా, మంచిది దొరకలేదా" అని ముసలివాళ్లు పాపం దిగులు పడ్డారు. ఉపసంహరణలు అయ్యాకే గుర్తు చేతికి వస్తుంది, ప్రచారానికి మిగిలేది వారం లోపే. మా ఇంట్లో ఉన్న చెక్క స్టూలు చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. పోలింగ్ ముందు రాత్రి ఊళ్లో ఏం పంచారో అందరికీ తెలిసిందే, నేను మళ్లీ రాయను.

పోలింగ్ ఒంటి గంటకు అయిపోయింది, భోజనాలయ్యాక బడిలోనే లెక్కింపు. సర్పంచ్‌కు గులాబీ కాగితం, వార్డుకు తెల్ల కాగితం. మా వార్డు తెల్ల కాగితాలు 160. గౌనుకు 74, స్టూలుకు 68, పొయ్యికి 9. మిగిలిన 9 చెల్లలేదు. చెల్లని కాగితాలు ఒక్కొక్కటీ ఎత్తి చూపించారు. నాలుగింటి మీద రెండేసి ముద్రలున్నాయి. రెండు గుర్తుల మధ్య గీత మీద పడ్డవి మూడు. రెండు ఉత్తవి, అసలు ముద్రే లేదు. మర్నాడు మా వీధి పెద్దమ్మ ఒకామె నన్ను పట్టుకుని, "నీకూ ఏసిన, ఆమెకూ ఏసిన బిడ్డా, ఇద్దరూ మనోళ్లే గద" అన్నది. ఆమెను ఏమనాలి? ముద్ర ఎక్కడ వేయాలో, కాగితం ఎలా మడవాలో ఆమెకు ఎవరూ ఒక్కసారి చేసి చూపించలేదు. నేనూ చూపించలేదు, నా స్టూలు చూపించడంలోనే ఉన్నాను. ఆ తొమ్మిది కాగితాలు నాకు ఇప్పటికీ కళ్లముందు మెదులుతున్నాయి.

అంతటితో అయిపోయిందనుకుంటారు ఓడినవాళ్లు. కాలేదు. గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చు లెక్క మండల కార్యాలయంలో ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు ఏ స్థానిక ఎన్నికకూ నిలబడనివ్వరు, గెలిచినవాళ్లయితే పదవే పోతుంది. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో వార్డు అభ్యర్థి 30 వేల వరకు ఖర్చు పెట్టుకోవచ్చు. నేను పెట్టింది 4,310. కరపత్రాలు, ఆటో, చాయ్, ఆ చెట్టు కింది 500. ఈ 45 రోజుల సంగతి నాకు తెలిసింది కూడా అనుకోకుండానే, మహిళా సంఘం పని మీద మండలానికి పోయినప్పుడు గోడ మీద అంటించిన కాగితం చదివితే. మా ఊళ్లో ఓడిన వార్డు అభ్యర్థుల్లో నేను అడిగిన ఏడుగురికీ ఈ విషయం తెలియదు. వాళ్లలో ఐదుగురు ఆడవాళ్లు. ఒక్క కాగితం ఇవ్వనందుకు వీళ్లంతా మూడేళ్లు పోటీకి దూరమైతే, మళ్లీ నిలబడేది ఎవరు? ఎప్పుడూ నిలబడే ఆ నాలుగు ఇళ్లవాళ్లే.

గెలిచినవాళ్లకు ఇప్పుడు శిక్షణ ఇస్తారు. చట్టం చెప్తారు, నిధులు చెప్తారు, సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ కలిసి చెక్కు మీద ఎలా సంతకం పెట్టాలో చెప్తారు. మంచిదే, కావాలి. కానీ నిలబడాలన్న ఆలోచన ఉన్న మనిషికి ముందుగా ఒక్క పూట చెప్పేవాళ్లు లేరు. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఎన్నికలకు ముందు వచ్చే గ్రామసభలో ఈ పని పెట్టుకుంటే ప్రభుత్వానికి కొత్త ఖర్చేమీ లేదు. వార్డుల హద్దులు చదివి వినిపించాలి, ఎవరి ఓటు ఎక్కడుందో అక్కడే చూసుకోనివ్వాలి. నామినేషన్ ఫారం నమూనా చేతికిచ్చి ఒకటి నింపించాలి. ఉత్త కాగితం మీద ముద్ర వేయించి, మడిపించి చూడాలి. ఓడినవాళ్లూ లెక్క ఇవ్వాలన్న మాట మూడుసార్లు చెప్పాలి. గ్రామసభకు ఆడవాళ్లు తక్కువ వస్తారంటే, మా మహిళా సంఘాల మీటింగులకు రండి, మేం చాపలేసి కూర్చోబెడతాం.

మీ పేపర్‌ను కూడా ఒకటి అడుగుతున్నాను. గెలిచినవాళ్ల ఫొటోలు జిల్లా పేజీలో రెండు రోజులు వేశారు, చూసి సంతోషించాం. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు ఇంకా మిగిలున్నాయి. వాటికి నోటిఫికేషన్ రాకముందే ఒక పేజీలో నామినేషన్ ఫారం ఉన్నది ఉన్నట్టు అచ్చేయండి, ఏ గడిలో ఏం రాయాలో పక్కన రాయండి. మా దగ్గర ఆ పేజీని కత్తిరించి దాచుకునేవాళ్లున్నారు.

నా లెక్కకు గడువు జనవరి 28. మొన్న సోమవారమే ఇచ్చేశాను. నాతో పాటు గ్యాస్ పొయ్యి గుర్తు మీద నిలబడ్డ చెల్లెను కూడా తీసుకుపోయాను. ఆమెకు చదువు రాదు, ఆమె ఖర్చులు రాత్రి మా ఇంట్లో కూర్చుని నోటితో చెప్తుంటే నేను రాశాను, మొత్తం 1,940. కార్యాలయంలో ముద్ర వేసిచ్చిన రసీదును ఆమె నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. ఆటోలో ఊరొచ్చేదాకా రెండుసార్లు ముడి విప్పి చూసుకుంది.

(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి.)

ఆరో వార్డు అభ్యర్థి,
కామారెడ్డి జిల్లా