బరువు తగ్గినా మారని ధర: ఆహార మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆహార, వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి నమస్కారం.

సూపర్‌మార్కెట్లలో ధరలు పెరిగాయన్నది మీకు తెలిసిందే. బిల్లులో కనబడకుండా పెరిగేదాని గురించే ఈ లేఖ.

200 గ్రాముల బిస్కెట్ ప్యాకెట్‌ను పాత ధరకే 160 గ్రాములు చేశారనుకోండి. తగ్గింది 20 శాతమే అనిపిస్తుంది. గ్రాము లెక్కన చూస్తే ధర 25 శాతం పెరిగినట్టు. పైకి ప్యాకెట్ అంతే ఉంటుంది. లోపలి ట్రేలో గుంటల లోతు తగ్గుతుంది, సీసా అయితే అడుగు భాగం లోపలికి నొక్కుకుని ఉంటుంది. కొత్త బరువు అచ్చువేశాం కదా అంటారు తయారీదారులు. పాత బరువు ఎంతమందికి గుర్తుంటుంది?

బరువు తగ్గించకుండా సరుకునే మార్చేస్తే పట్టుకోవడం ఇంకా కష్టం. పదార్థాల పేర్లు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ చెబుతోంది. పాత, కొత్త ప్యాకెట్లు పక్కపక్కన పెడితే వెన్న కిందికి జారి, దాని చోట పామాయిల్ కనబడుతుంది. సాస్‌లో టమాటా తగ్గిస్తే పలచబడుతుంది. అది తెలియకుండా పిండిపదార్థం, రుచి కోసం చక్కెర, ఉప్పు కలుపుతారు. నీళ్లలో నిల్వచేసిన డబ్బా కూరగాయలకైతే నీళ్లు వంచేశాక మిగిలే బరువే అసలు బరువు.

చవకవన్నీ నాసిరకమని మేం అనడం లేదు. ఉప్పు, చక్కెర లాంటి ఒకే పదార్థం ఉన్న సరుకుల్లో దుకాణం సొంత బ్రాండుకూ పేరున్న బ్రాండుకూ తేడా చాలాసార్లు అట్ట మీదే ఉంటుంది. మోసపోయేది నాలుగైదు పదార్థాలు కలిపి చేసినవాటిలో. ఇప్పటికే అన్నిటికన్నా చవకది కొంటున్నవాళ్లకు ధర పెరిగితే మారడానికి వేరే సరుకు ఉండదు. మా బాధ వాళ్ల గురించే.

ఫ్రాన్స్‌లో 2024 జులై 1 నుంచి, 400 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు ఇలా బరువు తగ్గిన సరుకు దగ్గర రెండు నెలలు బోర్డు పెట్టాలి. దక్షిణ కొరియా అదే ఏడాది ఆగస్టు నుంచి ఆ బాధ్యత తయారీదారు మీద పెట్టి, మూడు నెలలు తెలియజేయమంది. కొరియా పద్ధతే మేలని మా అభిప్రాయం, ఎందుకంటే మార్పు ముందుగా తెలిసేది తయారీదారుకే. అయితే కాఫీ పొడి, నూనె డబ్బా లాంటివి నెలకోసారి కూడా కొనని ఇళ్లున్నాయి. అందుకని ఆరు నెలల పాటు పాత బరువు, కొత్త బరువు రెండూ ప్యాకెట్ ముందు వైపునే ఉండాలి.

అరల మీద కిలో ధర, లీటరు ధర తప్పనిసరి చేయండి. ఒకే రకం సరుకుకు ఒకచోట 100 గ్రాములకు, ఇంకోచోట ప్యాకెట్‌కు ధర రాస్తే పోల్చుకోలేం. ఆ అక్షరాలు ప్యాకెట్ ధర అక్షరాల్లో కనీసం సగం సైజు ఉండాలి. తగ్గింపు చీటీ అతికించినప్పుడు తగ్గించిన కిలో ధర కూడా రాయాలి, ఎక్కువగా ఎగ్గొట్టేది అక్కడే.

తనిఖీల్లో ఒక్క ప్యాకెట్ తూచి తేల్చొద్దు. ఒకే బ్యాచ్‌లోంచి నమూనాలు తీసి, ఖాళీ కవరు బరువు మినహాయించి, సగటు చూడాలి. ప్రతి అరలో అన్నిటికన్నా చవకదాన్ని ముందు పరీక్షకు పంపండి. పేరులో చెప్పిన పదార్థం నిజంగా ఎంత శాతం ఉందో బ్యాచ్ నంబరుతో సహా ప్రకటించండి.

ఇట్లు,
తూకాలు, ఆహార నాణ్యత పరీక్షల పనిలో ఉన్నవాళ్లం