అది పురుగు కాదు, కైటాన్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం పిల్లల పేజీలో ఒక రంగురంగుల జీవి ఫొటో వేసి కింద ‘కైటిన్ కవచం ఉన్న సముద్రపు పురుగు, అన్ని సముద్రాల్లో దొరుకుతుంది’ అని రాసిన్రు. మా మనవరాలు నీట్‌కి ప్రిపేర్ అవుతున్నది, ఆ ముక్క కత్తిరించి నోట్సులో అంటించుకున్నది, నేను చూసేసరికి గమ్ము కూడా ఆరిపోయింది. ఏళ్ళ తరబడి ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినదాన్ని, ఊరుకోబుద్ధి కాలే.

అది పురుగు కాదండి. దాని పేరు కైటాన్, నత్తలకూ ఆల్చిప్పలకూ చుట్టం, మొలస్కా అనే గుంపులోది. కీటకాలకైతే ఆరు కాళ్ళుంటయి, దీనికి కిందంతా ఒకటే వెడల్పాటి పాదం, దానితోనే రాయిని కరుచుకొని ఉంటది. వీపు మీద 8 పలకలు, పెంకుటింటి కప్పు లెక్క ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటయి, అవి కైటిన్‌తో, అంటే కీటకాల పైపెంకులో ఉండే పదార్థంతో కాదు, సున్నపు పదార్థంతో, అంటే కాల్షియం కార్బొనేట్‌తో అయినవి. రాయి మీంచి పీకితే రోకలిబండ పురుగు లెక్క చుట్ట చుట్టుకుంటది, అందుకే పురుగనుకునేవాళ్ళు ఉంటరు. పేరు దగ్గర తికమక పడుడు కూడా నాకు అర్థమయితది, కైటిన్, కైటాన్ రెండూ గ్రీకులో తొడుక్కునే అంగీకి ఉన్న మాట నుంచే వచ్చినయి. నా క్లాసులో కూడా ఏటా ఎవరో ఒకరు తప్పు రాసేవాళ్ళు.

మీరు వేసిన ఫొటోలోది లైన్డ్ కైటాన్, సైన్సు పేరు టోనిసెల్లా లీనియేటా. మహా అయితే 5 సెంటీమీటర్లు. గులాబి, నారింజ రంగు ఒంటి మీద నీలంగా, ఊదాగా వంకరటింకర గీతలు, పలకల చుట్టూ నున్నటి అంచు, ఎంత చూసినా తనివి తీరదు. ఆ రంగు ఊరికే కాదు, అది ఉండేది గులాబి రంగు కోరలైన్ నాచు మీద, సున్నం పూసినట్టు రాయికి గట్టిగా పట్టే నాచు అది, తినేది కూడా అదే, కాబట్టి కదలకుండా ఉంటే శత్రువు కంట పడుడు కష్టం.

ఇగ అన్ని సముద్రాల్లో అన్నరు. కైటాన్‌లు మొత్తంగా అంటే నిజమే, 900కు పైగా జాతులున్నయి, మన దేశం ఒడ్డు రాళ్ళ మీద కూడా వేరే రకాలు ఉంటయి. కానీ ఈ జాతిది ఉత్తర పసిఫిక్ చల్లటి నీళ్ళు, అలాస్కా పక్క అల్యూషియన్ దీవుల నుంచి కాలిఫోర్నియా దాకా, అటు ఉత్తర జపాన్ వైపు. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బయటపడే రాళ్ళ దగ్గర, ఇంకొంచెం లోతున ఉంటది.

హైదరాబాద్ పిల్లలకు సముద్రమే దూరం, సార్, ఇసుక బీచ్ చూసినవాళ్ళున్నా రాళ్ళ ఒడ్డు చూసినవాళ్ళు తక్కువ, వాళ్ళకు ఇసొంటివి తెలిసేది పేపర్లనే. అందుకే వచ్చే ఆదివారం సవరణ వెయ్యండి, చిన్న అక్షరాల్లో మూలకు కాదు, అదే పేజీలో, అదే ఫొటోతో. మా పిల్ల పాతదాని మీదనే అంటిస్తానని చెప్పి చూస్తున్నది.

- రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, నల్లకుంట, హైదరాబాద్