ఆ సిండ్రెల్లా మిగిలింది, మన నాటికల మాటేమిటి?

సంపాదకులు గారికి,

మొన్న ఆదివారం మా మనవరాలు సిండ్రెల్లా చూస్తానని పట్టుబడితే కార్టూన్ బదులు 1957 నాటి సిండ్రెల్లా డీవీడీ పెట్టాను. నలుపు తెలుపు బొమ్మ, అక్కడక్కడా మసక. పిల్ల ఐదు నిమిషాల్లో లేచిపోతుందనుకుంటే చివరిదాకా కదల్లేదు. 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్'తో మనందరికీ తెలిసిన జూలీ ఆండ్రూస్ అప్పటికి 21 ఏళ్ల అమ్మాయి. పొయ్యి దగ్గర కుర్చీలో కూర్చుని, ఒకసారి నార్వే రాకుమారినని, ఇంకోసారి ఆఫ్రికాలో వేటకు వెళ్లానని ఊహించుకుంటూ పాడుతుంది. కెమెరా మెల్లగా దగ్గరికి వస్తే కళ్లలో ఆ ఊహలన్నీ కనిపిస్తాయి. ఆ పాట రెండుసార్లు పెట్టించుకుంది మా పిల్ల.

రిచర్డ్ రాడ్జర్స్, ఆస్కార్ హామర్‌స్టీన్ టెలివిజన్ కోసమే రాసిన సంగీత నాటకం ఇది. 1957 మార్చి 31న న్యూయార్క్ నుంచి అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ ప్రత్యక్ష ప్రసారం చేసింది. మాట తడబడినా, శ్రుతి తప్పినా రెండో టేకు లేదు. ఆ రాత్రి పది కోట్ల మందికి పైగా చూశారని అంచనా. అంటే అప్పటి అమెరికా జనాభాలో సగం కంటే ఎక్కువ.

"అమ్మమ్మా, ఆ గౌను ఏ రంగు?" అని అడిగింది మా మనవరాలు. చెప్పలేకపోయాను. ప్రసారమైతే రంగుల్లోనే జరిగింది. మిగిలింది మాత్రం టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీసిన నలుపు తెలుపు కాపీ ఒక్కటే. కినెస్కోప్ అంటారు దాన్ని. ఎన్నో ఏళ్లు మూలనపడి, 2004లో డీవీడీగా వచ్చింది. రంగులు పోయినా నాటకం దక్కింది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మా పెద్దనాన్న. 1960లలో ఆయన రేడియో నాటికల్లో వేషాలు కట్టారు. చేతిలో కాగితాలు పట్టుకుని మైకు ముందు నిలబడ్డ ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. గొంతు మాత్రం లేదు. అడగడానికి వెళ్తే, ఆ టేపు మీద ఎప్పుడో వేరే ప్రోగ్రాం రికార్డు చేసేశారన్నారు. టేపు ఖరీదైన రోజులవి, బీబీసీ కూడా అలాగే చెరిపి మళ్లీ వాడింది. అందుకే ఎవరినీ తప్పుపట్టడం లేదు. కానీ ఇప్పుడు ఆ సాకు లేదు కదా!

ప్రసార భారతి కొన్ని పాత కార్యక్రమాలను యూట్యూబ్‌లో పెట్టింది, చాలా సంతోషం. తెలుగులో ఏవి మిగిలాయో, ఏవి పోయాయో పూర్తి జాబితా కూడా జనం ముందు పెట్టాలి. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైనప్పటి నుంచి వచ్చిన నాటికలు, రేడియో నాటకాలు, సురభి వారి ప్రదర్శనలు అన్నీ అందులో ఉండాలి. పాత యూమాటిక్ వీడియో టేపులు ఆడించే యంత్రాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఉన్నవి పాడయ్యేలోపే టేపులన్నీ డిజిటల్‌లోకి ఎక్కించాలి.

ఇళ్లలో ఉన్న టేపులు తీసుకునే చోటు కూడా జిల్లాకొకటి ఉండాలి. మా బంధువుల అటక మీద స్పూల్ టేపుల డబ్బా ఒకటుంది. ఎవరికివ్వాలో చెబితే రేపే తెచ్చి ఇస్తాను.

- ఓ పాఠకురాలు, సిద్దిపేట