థ్రెడ్లకు హద్దు పెట్టకుండా సర్వర్లు పెంచితే ఏం లాభం?

సంపాదకులకు,

పరీక్ష ఫలితాలు వచ్చిన పూట సైట్ తెరుచుకోకపోతే, సర్వర్లు చాలలేదు, మరో నాలుగు పెట్టాలి అనేస్తారు. కొన్నిసార్లు అది నిజమే. కానీ వచ్చిన ప్రతి రిక్వెస్టుకూ ఒక కొత్త థ్రెడ్ (ప్రోగ్రాం లోపల విడిగా నడిచే పని వరుస) పుట్టించేలా ప్రోగ్రాం రాసి ఉంటే, ఎన్ని సర్వర్లు పెట్టినా రద్దీ పెరగగానే అవీ చతికిలబడతాయి.

ఈ అలవాటు చాలావరకు కాలేజీ ల్యాబుల్లోనే పడుతోంది. నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే జావా సాకెట్ ప్రోగ్రాంలో ఒక లూప్, అందులో వచ్చిన కనెక్షన్‌ను అందుకునే యాక్సెప్ట్, ఆ కింద వరుసలోనే కొత్త థ్రెడ్. పది మంది క్లయింట్లతో చక్కగా నడుస్తుంది, మార్కులూ పడతాయి. అదే పద్ధతి తర్వాత ఉద్యోగంలోకీ వస్తుంది.

64 బిట్ లినక్స్ మీద జావా ఒక్కో థ్రెడ్ స్టాక్ (ఆ థ్రెడ్ సొంతంగా వాడుకునే మెమరీ) కోసం మామూలుగా 1 ఎంబీ అట్టేపెడుతుంది. 5,000 థ్రెడ్లంటే దాదాపు 5 జీబీ. అదంతా ఒకేసారి ర్యామ్‌లోకి రాదు, వాడిన మేరకే వస్తుంది. అయినా 8 కోర్ల (ఒకేసారి 8 పనులు నడపగల) మెషీన్ మీద అన్ని థ్రెడ్లు వంతుల కోసం కొట్టుకుంటుంటే ప్రాసెసర్ కాలం ఒక థ్రెడ్ నుంచి ఇంకోదానికి మారడానికే పోతుంది. చివరికి లాగ్‌లో ‘ఔటాఫ్ మెమరీ: అనేబుల్ టు క్రియేట్ నేటివ్ థ్రెడ్’ అని పడుతుంది. మెమరీ అన్న మాట చూసి చాలామంది హీప్ (ప్రోగ్రాం డేటా ఉండే మెమరీ) పెంచేస్తారు. అది తప్పు. స్టాకులు హీప్ బయట ఉంటాయి కాబట్టి, హీప్ పెంచినకొద్దీ వాటికి చోటు ఇంకా తగ్గుతుంది.

చేయాల్సింది పూల్ (ఒకసారి తయారుచేసి మళ్లీ మళ్లీ వాడుకునే థ్రెడ్ల గుంపు) పెట్టడం, దానికి లెక్క కట్టడం. సెకనుకు 100 రిక్వెస్టులు, ఒక్కోదానికి 0.2 సెకను పడితే, సగటున ఒకేసారి పనిలో ఉండేవి 20. కొంత వెసులుబాటు కలుపుకుని 30 థ్రెడ్లు పెట్టుకోవచ్చు. జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లో థ్రెడ్లకు డిఫాల్ట్ 200. దాని వెనక డేటాబేస్ కనెక్షన్లు అందించే హికారీ కనెక్షన్ పూల్ డిఫాల్ట్ 10 మాత్రమే. ప్రతి రిక్వెస్టూ డేటాబేస్ దాకా వెళ్లేదైతే 190 థ్రెడ్లు ఊరికే నిలబడతాయి. ఆ 200ను 1,000 చేస్తే పెరిగేది కనెక్షన్ కోసం కాచుకునే క్యూ ఒక్కటే.

థ్రెడ్ల కోసం కాచుకునే రిక్వెస్టుల క్యూకూ హద్దు ఉండాలి. జావా ఫిక్స్‌డ్ థ్రెడ్ పూల్‌లో థ్రెడ్లకు హద్దుంది, క్యూకు లేదు. క్యాష్డ్ పూల్‌లో థ్రెడ్లకే హద్దు లేదు. థ్రెడ్‌పూల్ ఎగ్జిక్యూటర్‌ను (హద్దులన్నీ మనమే రాసుకునే జావా క్లాస్) నేరుగా వాడి, క్యూ 100 అని రాసి, నిండాక వచ్చినవాటికి వెంటనే 503 (సేవ ఇప్పుడు అందదన్న జవాబు) పంపడం మేలు. ఇంకో మెలిక: క్యూ నిండితే తప్ప పూల్ కోర్ సంఖ్య (మామూలుగా ఉంచే థ్రెడ్ల లెక్క, ప్రాసెసర్ కోర్లు కాదు) దాటి కొత్త థ్రెడ్ పుట్టదు. హద్దులేని క్యూ పెడితే థ్రెడ్ల మ్యాగ్జిమం ఎంత రాసినా దండగే.

కంటికి కనబడకుండా పుట్టే థ్రెడ్లు మరీ ప్రమాదం. మెథడ్ లోపలే పూల్ సృష్టించి మూయకుండా వదిలేస్తుంటారు. జేస్టాక్ (నడుస్తున్న థ్రెడ్లను చూపే జావా కమాండ్) కొట్టి చూడండి: పూల్-1-థ్రెడ్-1, పూల్-2-థ్రెడ్-1, పూల్-3-థ్రెడ్-1 అంటూ మొదటి అంకె పెరుగుతూ పోతుంటే జబ్బు ఇదే. పూల్‌ను అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే తయారుచేసి, దానికి పేరు పెట్టాలి.

2023లో జావా 21తో వచ్చిన వర్చువల్ థ్రెడ్లు (జావాయే నడిపే తేలికైన థ్రెడ్లు) చాలా చవక, వాటికి పూల్ అక్కర్లేదు. కానీ డేటాబేస్ కనెక్షన్లు ఆ పదే. అక్కడ సెమఫోర్‌తో (ఒకేసారి ఇన్నింటినే లోపలికి వదిలే అడ్డు) కాపలా పెట్టాల్సిందే.

కాలేజీలకు ఒక విన్నపం: అదే ల్యాబ్ ప్రోగ్రాంను 16 థ్రెడ్లు, 100 క్యూతో మళ్లీ రాయించి, 5,000 క్లయింట్లను ఒక్కసారిగా వదలమనండి. ఏవి అందాయో, ఏవి తిరిగి వెళ్లాయో విద్యార్థులు లాగ్‌లో లెక్కపెట్టాలి.

- ఒక సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్