సిగ్నల్ అందని చెంచు పెంటల మాట కూడా వినండి

నాగర్‌కర్నూల్ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

2019లో యురేనియం తవ్వకాల భయంతో ‘సేవ్ నల్లమల’ అని పోస్టులు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. సినిమావాళ్లూ గొంతు కలిపారు. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. పోస్టుల వల్లే అయిందని నేను అనను. అమ్రాబాద్ జనం రోడ్డెక్కకపోతే మా రాతలు గాలికి పోయేవి. కానీ వాళ్ల గోడును హైదరాబాద్ దాకా మోసింది ఫోన్లే.

ఇప్పుడు నా బాధ ఒకటే. అడవి లోతట్టు పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, చాలాచోట్ల సిగ్నలే అందదు. అక్కడి చెంచుల పోడు పట్టాల గురించి, వైద్యం గురించి హ్యాష్‌ట్యాగ్ ఎవరు పెడతారు? నెలకోసారైనా ప్రజావాణిని ఏదో ఒక పెంటలో, చెట్టు కిందైనా సరే, పెట్టించండి సార్. తీసుకున్న ప్రతి అర్జీకి రసీదు ఇప్పించండి.

ఇట్లు,
అచ్చంపేట నుంచి ఒక పౌరురాలు