బర్గర్ దుకాణంలో పనికి మూత్ర పరీక్ష ఎందుకు?

సంపాదకులకు,

అమెరికాలో గంటల లెక్కన కూలి ఇచ్చే బర్గర్ దుకాణంలో చేరాలన్నా కొన్నిచోట్ల మాదకద్రవ్యాలు వాడారేమో చూడటానికి ముందు మూత్రం నమూనా ఇవ్వాలి. ఇవి చాలావరకు పెద్ద కంపెనీ పేరు వాడుకుంటూ సొంతంగా నడుపుకునే ఫ్రాంచైజీ యజమానుల దుకాణాలు కనుక ఒక వీధిలో పరీక్ష పెడతారు, పక్క వీధిలో అదే బోర్డు కింద పెట్టరు. 1988 నాటి మాదకద్రవ్య రహిత కార్యాలయాల చట్టం వర్తించేది ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ కాంట్రాక్టర్లకు, గ్రాంట్లు పొందేవారికి. అది కూడా పరీక్షలు తప్పనిసరి చేయలేదు.

సలసల కాగే నూనె ముందు మత్తులో ఉన్నవాడిని నిలబెట్టమని ఎవరూ అనరు. కానీ ఈ పరీక్ష పట్టేది మత్తును కాదు. రోజూ గంజాయి తాగినవారు మానేసిన వారాల తర్వాత కూడా దాని అవశేషాలు మూత్రంలో కనిపిస్తాయి. నిన్న పీకలదాకా మద్యం పట్టించినవాడు మాత్రం మామూలు పరీక్షలో దర్జాగా నెగ్గుతాడు!

మన వంటింటి గసగసాలకూ ఇందులో వాటా ఉంది. అవి దండిగా వేసిన కూర తిన్నా, నల్లమందులో ఉండే మత్తుపదార్థమైన మార్ఫిన్ ఆనవాళ్లు తేలవచ్చు. అందుకే 1998లో ఫెడరల్ పరీక్షల్లో పాజిటివ్‌గా లెక్కించే హద్దును మిల్లీలీటరుకు 300 నుంచి 2,000 నానోగ్రాములకు పెంచారు. ప్రైవేటు యజమానులకు ఆ కట్టుబాటు లేదు. అక్కడ పనికి వెళ్లే మన పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి.

గంజాయి పరీక్ష సాకుతో ఉద్యోగం నిరాకరించకుండా నెవాడా 2020 నుంచి, కాలిఫోర్నియా 2024 నుంచి చాలా ఉద్యోగాల్లో అడ్డుకట్ట వేశాయి. ఇలాంటి రక్షణ లేని రాష్ట్రాలు కూడా ఆ దారి పట్టేలోగా, పాజిటివ్ వస్తే రెండో నిర్ధారణ పరీక్ష యజమాని ఖర్చుతోనే జరగాలి.

– ఒక ప్రవాస పాఠకుడు, కాలిఫోర్నియా