పాముకాటుకు పలుపు తాడు వైద్యం కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఖరీఫ్ వరి కోతలు దగ్గరపడుతున్న ఈ సమయంలో, పొలం పనులకు వెళ్లేవారికి ప్రథమ చికిత్సలో శిక్షణ ఇప్పించవలసిన అవసరాన్ని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేదలచి ఈ లేఖ రాస్తున్నాను.

మాది దివిసీమలోని ఒక చిన్న ఊరు. రెండేళ్ల క్రితం కోతల్లో మా వీధిలోని ఒక కూలీ మహిళను పనల కిందున్న రక్తపింజరి పాదం మీద కరిచింది. తోటివారు క్షణం ఆలస్యం చేయలేదు. గట్టున ఉన్న గేదె పలుపు విప్పి, మోకాలికి కింద ఒకటి, పైన ఒకటి చొప్పున బలంకొద్దీ కట్లు బిగించారు. కాటు పడ్డచోట బ్లేడుతో గాటు పెట్టి నెత్తురు పిండారు. నేను వెళ్లేసరికి పాదం నీలంగా ఉబ్బిపోయి, మెట్టె కండలోకి దిగి కనిపించకుండా పోయింది. ఆసుపత్రికి చేరేసరికి రెండు గంటలైంది. ప్రాణం దక్కింది గానీ రెండు కాలివేళ్లు తీసేయవలసి వచ్చింది. విషం ఎంత చెరుపు చేసిందో తాడూ అంత చేసిందని డాక్టరు చెబుతుంటే, పలుపు కట్టిన పెద్దాయన వరండాలో తల దించుకుని కూర్చుండిపోయారు. ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఉపాధ్యాయుడిగా పనిచేసినన్నాళ్లూ నేను కూడా పిల్లలకు తాడు కట్టమనే చెప్పాను.

ఇప్పుడు వైద్యులు చెబుతున్నది వేరు. తాడు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పసరు పొయ్యకూడదు. కరిచినవారికి ధైర్యం చెప్పి, నడవనీయకుండా పడుకోబెట్టి, విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద ఆసరాతో ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచాలి. వాపు రాకముందే మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు తీసేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఎవరైనా అప్పటికే తాడు కట్టేసి ఉంటే దారిలో దాన్ని ఒక్కసారిగా విప్పకూడదన్నది చాలామందికి తెలియదు. ఆగి ఉన్న విషం ఒక్కపెట్టున పైకి పాకే ప్రమాదం ఉంది గనుక, దాన్ని డాక్టరు ఎదుటే విప్పాలి.

మంత్రం మీద నమ్మకం ఎందుకు పోదో కూడా చెప్పాలి. కరిచిన ప్రతి పామూ విషసర్పం కాదు, విషసర్పం కరిచినా ప్రతిసారీ విషం ఎక్కదు. అలా బతికినవారి పేరుతోనే మంత్రగాడికి పేరొస్తుంది. కట్లపాము సంగతి ఇంకా దారుణం. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు.

2000 నుంచి 2019 వరకు దేశంలో దాదాపు 12 లక్షల మంది పాముకాటుతో మరణించి ఉంటారని పరిశోధకుల అంచనా. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళిక ఢిల్లీలో ఉంటే పాము మా గట్టు మీద ఉంటుంది, మధ్యలో గోడ పత్రికలు ఉంటాయి.

గోడ పత్రిక చదివితే చేతులకు పని రాదని ఈ మధ్య మా ఊరి బడిలో జరిగిన ఒక పూట శిక్షణలో కళ్లారా చూశాను. వెదురు బద్ద, రెండు కండువాలు ఇచ్చి కట్టమన్నారు. వదులుగా కట్టాలని అప్పుడే విన్న మేమంతా, నాతో సహా, అలవాటు కొద్దీ బిగించేశాం. నేర్పుతున్న నర్సమ్మ ప్రతి కట్టు కింద వేలు దూర్చి చూసి, దూరకపోతే విప్పించి మళ్లీ కట్టించింది. నాకు మూడోసారికి గానీ కుదరలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని, దాన్ని శిక్షణ పొందిన మనిషికే అప్పగించాలని చెప్పింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టమూ పని జరిగే చోట పెట్టె ఉండాలంది. సొంత పొలానికో, కూలికో వెళ్లేవారికి పెట్టె లేదు, నేర్చిన మనిషీ లేడు. అందుకే కూలి ముఠాల మేస్త్రీలు, ట్రాక్టరు, ఆటో డ్రైవర్లు, డ్వాక్రా సంఘాల నాయకురాళ్లు మొదలైనవారికి ఏటా నాట్లకు ముందొకసారి, కోతలకు ముందొకసారి రైతు సేవా కేంద్రాల్లో ఒక పూట చేతులతో చేయించే శిక్షణ ఇప్పించవలసిందిగా జిల్లా అధికారులను కోరుతున్నాను. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో, 108 ఆలస్యమైతే ఎటు బయలుదేరాలో ఆ పూటే ఊరివారికి తెలియజెప్పాలి.

పత్రికకూ ఒక మనవి. పాము కనబడిందంటే పడగ విప్పిన బొమ్మతో వార్త వేస్తారు. దాని పక్కన కట్టు కట్టే పద్ధతి బొమ్మ కూడా వేయండి, మా రచ్చబండ దగ్గర అతికిస్తాం.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దివిసీమ, కృష్ణా జిల్లా